ముందు ఎర బతకాలి

బతికున్న ఎరతో చేపలు పట్టడం నేర్చుకోవాలని వచ్చే కుర్రాళ్లు మొదట అడిగేది గాలం గురించే. ఏ సైజు కొక్కెం, ఎంత మందం దారం, ఏ కంపెనీ రాడ్డు. తర్వాత చేప ఎక్కడ ఉంటుందని అడుగుతారు. ఎర సంగతి అడిగేవాళ్లు చాలా తక్కువ. దోసెడు పరిగెలు పట్టి బకెట్లో వేసుకుంటే సరిపోదా అన్నట్టు ఉంటారు. సరిపోదు. ఈ పనిలో గెలుపోటములు చాలావరకు గాలం నీళ్లలో పడకముందే తేలిపోతాయి. కొక్కేనికి గుచ్చిన చిన్న చేప చురుగ్గా ఈదితే పెద్ద చేప వెతుక్కుంటూ వస్తుంది. అది సొమ్మసిల్లి తేలిందంటే మీ రాడ్డు ఎంత ఖరీదైనదైనా ఒకటే.

పెద్ద చేప మీ చేతిలో లేదు. అది ఏ లోతున ఉందో, ఆకలిగా ఉందో లేదో, ఈ పూట గాలి ఎటు తిరుగుతుందో మీరు నిర్ణయించలేరు. మీ చేతిలో ఉన్నది బకెట్టు, అందులోని పది ప్రాణాలు. వాటిని సాయంత్రం దాకా నిలబెట్టుకోగలిగినవాడు ఈ విద్యలో ముప్పాతిక వంతు నేర్చుకున్నట్టే. ఈ అధ్యాయంలో ఎక్కువ భాగం ఆ బకెట్టు గురించే చెప్పబోతున్నాను.

సముద్రం లేని ఊళ్లో

చిన్న పడవ, ప్రశాంతమైన ఖాతం, బతికున్న ఎర అనగానే మనకు భీమిలి, కాకినాడ తీరాలు గుర్తొస్తాయి. హోసూరు దగ్గరి మన బేరిగై వాళ్లకు ఆ భాగ్యం లేదు. మన హోసూరు పీఠభూమి సముద్రమట్టానికి సుమారు 3 వేల అడుగుల ఎత్తున ఉంది. ఊరు దాటి కాస్త పోతే కర్ణాటక పొలిమేర, మాస్తి, మాలూరు. కానీ నీళ్లు లేని సీమ కాదు ఇది. వానలకు నిండే చెరువులున్నాయి. శూలగిరి దగ్గర చిన్నార్ డ్యాం ఉంది. నంది కొండల వైపు పుట్టిన దక్షిణ పినాకిని బాగలూరు వైపు నుంచి మన జిల్లాలోకి వచ్చి కెలవరపల్లి డ్యాం నింపి, కృష్ణగిరి డ్యాం మీదుగా సాగి, చివరికి కడలూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. డ్యాం నిండినప్పుడు వెనక నీళ్లు పల్లపు పొలాల్లోకి, గట్ల మధ్య సందుల్లోకి చొచ్చుకుపోతాయి. మూడు వైపులా నేల, ఒక వైపు నీరు, పెద్ద గాలి తగలని మూలలు. మనకు అవే ఖాతాలు.

అక్కడ మన పడవ పుట్టి. పక్క జిల్లా హొగేనకల్‌లో యాత్రికులను తిప్పే గుండ్రటి పరిసల్ చూసే ఉంటారు, అదే. వెదురు బద్దలతో అల్లిన చట్రం, అడుగున ఒకప్పుడు తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా, పైన తారు పూత. మన చేప కొర్రమీను.

ఏ నీళ్లలో పట్టాలన్నది ముందే తేల్చుకోండి. కెలవరపల్లి దగ్గర నది మీద తెల్లటి నురగ తేలడం అందరూ చూశారు, పేపర్లలో ఏళ్లుగా వస్తూనే ఉంది. బెంగళూరు మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు ఆ నీళ్లలో కలిసి వస్తున్నాయి. అలాంటి నీళ్లలో పట్టిన చేపను పిల్లలకు వండిపెట్టమని నేను చెప్పలేను. వాననీటితో నిండే చెరువు చిన్నదైనా సరే, దాన్నే ఎంచుకోండి. చాలా చెరువుల్లో చేపల హక్కు గుత్తకు పోయి ఉంటుంది. గుత్తదారును అడిగి, ఆయన ఒప్పుకున్నాకే గాలం తీయండి. డ్యాంలో అయితే పడవ దింపడానికి కూడా అనుమతి కావాలి. ఒకరి జీవనాధారం మీద మన సరదా నడవకూడదు.

మినికాయ్ పడవల పద్ధతి

ఎరకు ఎంత విలువ ఇవ్వాలో తెలియాలంటే లక్షద్వీప్‌లోని మినికాయ్ జాలర్లను చూడాలి. ట్యూనా చేపను కర్ర, గాలంతో పట్టడంలో వాళ్లు తరతరాలుగా ఆరితేరినవాళ్లు. పొరుగునున్న మాల్దీవుల్లోనూ ఇదే పద్ధతి. వాళ్ల వేట ట్యూనా దగ్గర మొదలవదు. పగడపు దిబ్బల మధ్య లోతు తక్కువ నీళ్లలో వలలు వేసి ముందు చిన్న చేపలను పడతారు. వాటిని పడవలోనే ఒక అరలో ఉంచుతారు. సముద్రపు నీరు ఆ అరలోకి వస్తూ పోతూ ఉండేలా ఏర్పాటు ఉంటుంది. ట్యూనా గుంపు కనిపించాక గుప్పెళ్లతో ఆ చిన్న చేపలను బతికుండగానే నీళ్లలోకి విసురుతారు, పైనుంచి నీళ్లు చిమ్ముతారు. చిన్న చేపలు గుంపుగా ఎగురుతున్నాయని భ్రమపడి ట్యూనా ఎగబడుతుంది. అప్పుడు ఎదురుముల్లు లేని కొక్కేలతో ఒక్కొక్కటిగా పడవలోకి లాగిపడేస్తారు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఎర దొరకని రోజున వాళ్లకు ట్యూనా వేట లేదు. సముద్రం నిండా ట్యూనా ఉన్నా అంతే. అందుకే ఎర చేపలు దొరికే చోట్లను, ఎర నిలవ ఉండే అరను, అందులో ఆడే నీళ్లను అంత జాగ్రత్తగా చూసుకుంటారు. పెద్ద పనికి కావలసిన శ్రద్ధంతా వాళ్లు చిన్న పనిలో పెట్టేశారు.

మన జీవితాలను ఒకసారి ఈ కళ్లతో చూసుకోండి. బేరిగై, బాగలూరు పల్లెల నుంచి రోజూ హోసూరు ఫ్యాక్టరీలకు షిఫ్టుకు పోయే కుర్రాళ్లలో చాలామంది పర్మనెంటు ఉద్యోగం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తుంటారు. అది వాళ్ల చేతిలో లేదు. ఈ వారం నేర్చుకోగలిగిన కొత్త యంత్రం, సరిగ్గా రాసి పెట్టుకోగలిగిన పని చీటీ, చెడగొట్టుకోకుండా కాపాడుకోగలిగిన నిద్ర వాళ్ల చేతిలో ఉన్నాయి. గులాబీ తోట వేసిన రైతుకు మార్కెట్టు ధర తన చేతిలో లేదు. కోసిన పూలు వాడకుండా చూసుకోవడం తన చేతిలో ఉంది. ఫలితం మీద నిలబడిపోయిన చూపును చేతిలో ఉన్న చిన్నదాని మీదికి మళ్లించుకోవడం ఒక అలవాటు. అది ఉపన్యాసం వింటే రాదు, చేతులతో చేస్తే వస్తుంది. బకెట్టు పక్కన ఒక పూట కూర్చుంటే కొంత వస్తుంది.

బకెట్టు

కొర్రమీను నీళ్లలో ఉన్నా పైగాలి పీల్చి బతకగల చేప. దాని తలలో, మొప్పల పైన, గాలి నింపుకునే అర ఉంటుంది. మృగశిర కార్తెకు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఇచ్చే చేప ప్రసాదంలో కొర్రమీను పిల్లలు చిన్న ప్లాస్టిక్ సంచుల్లో, గుప్పెడు నీళ్లలో అంతసేపు బతికి ఉండటానికి కారణం అదే. దాని ఎర అయిన పరిగెకు ఆ వసతి లేదు. నీళ్లలో కరిగిన గాలి ఎంత ఉంటే అంతే దాని బతుకు.

కరిగిన గాలి లెక్క తెలిస్తే పని తేలిక. ఉష్ణోగ్రత 20 డిగ్రీలున్నప్పుడు లీటరు నీటిలో గరిష్ఠంగా సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు చేరితే అది ఏడున్నరకు పడిపోతుంది. మన పీఠభూమి ఎత్తులో గాలి పలచన కాబట్టి మైదానాల కంటే ఇంకో పదో వంతు తక్కువే. అంటే ఎండలో పెట్టిన బకెట్టు పరిగెకు రెండు రకాల కష్టం: నీళ్లలో గాలి తగ్గుతుంది, వేడికి దాని ఒంటికి కావలసిన గాలి పెరుగుతుంది. అందుకే బకెట్టు ఎప్పుడూ నీడలో ఉండాలి. చుట్టూ తడి గోనెపట్టా చుట్టండి, అది ఆరుతూ నీళ్లను చల్లబరుస్తుంది. మూతి ఇరుకైన బిందె వద్దు. వెడల్పాటి పాత్ర తీసుకుంటే నీటి పైభాగానికి ఎక్కువ గాలి తగులుతుంది. అక్వేరియం దుకాణాల్లో బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపులు అమ్ముతారు. కొనగలిగితే కొనండి, రాడ్డు మీద పెట్టే డబ్బు కంటే ఇది మేలు.

పది లీటర్ల నీళ్లకు వేలెడు పొడవు పరిగెలు పది, పన్నెండు మించనివ్వకండి. కుళాయి నీళ్లు పోయకండి, అందులోని క్లోరిన్ చంపేస్తుంది. బోరు నీళ్లలో కరిగిన గాలి తక్కువగా ఉంటుంది, వాటినీ నేరుగా వాడొద్దు. ఎర పట్టిన చెరువు నీళ్లే మంచివి. ముందురోజే పట్టి ఉంచుకునేట్టయితే రాత్రికి మేత వేయకండి. కడుపు ఖాళీగా ఉన్న చేప నీళ్లను తక్కువగా పాడుచేస్తుంది. కైకలూరు వైపు చేపపిల్లల వ్యాపారులు పిల్లలను ముందు పస్తుంచి, ఆ తర్వాతే ఆక్సిజన్ నింపిన సంచుల్లో కట్టి దూరాలకు పంపడం ఈ లెక్కలోనే.

ఎరను పొడి చేత్తో పట్టుకోకండి. ఒంటి మీది జిగురు పోతుంది, పొలుసులు రాలతాయి, గంటలోనే అది నీరసిస్తుంది. చిన్న జల్లెడ వల ఒకటి పక్కన పెట్టుకోండి, లేదా చేయి బాగా తడిపి పట్టండి.

పుట్టి వేయడంలో చేయి తిరిగిన ఒక మామ, కొత్తగా వెంట వచ్చిన కుర్రాడితో మాట్లాడిన మాటలు ఇక్కడ చెప్పాలి. ఆయన కళ్లు దూరంగా బెండు మీదే ఉన్నాయి.

“ఎరకి నీళ్లు మారిస్తివా అప్పా?”

“ఇంకా బాగానే ఉండాయి మామా.”

“ఒగసారి వంగి చూడు. పైకొచ్చి మూతులు తెరస్తా ఉండాయా, అడుగున తిరగతా ఉండాయా?”

కుర్రాడు వంగి చూశాడు. పరిగెలన్నీ పైకి చేరి, మూతులు నీటి అంచుకు ఆనించి గుటకలు వేస్తున్నాయి. రెండు మూడింటి వెండి రంగు అప్పుడే పాలిపోయింది. మామ ఏమీ అనలేదు. సగం నీళ్లు తీసి పారబోయించి, చెరువు నీళ్లు చెంబుతో ఎత్తి పైనుంచి ధారగా పోయించాడు. నాలుగు చెంబులకు పరిగెలు అడుక్కు దిగాయి. ఆయన బెండు వైపు చూస్తూనే ఇదంతా ఎలా కనిపెట్టాడంటారా? బకెట్లో చప్పుడు మారింది. మూతులు పైకి తెరిచిన చేపలు చేసే సన్నటి టపటప ఆయన చెవికి అలవాటు.

నీళ్లు మార్చేటప్పుడు మొత్తం ఒక్కసారిగా మార్చకండి. సగం తీసి సగం పోయండి. ఉన్నట్టుండి చల్లదనం మారితే చేప తట్టుకోదు. పైకి చేరిందంటే మొదటి హెచ్చరిక, పక్కకు ఒరిగిందంటే ఆలస్యమైపోయినట్టు.

ఓపిక గురించి చాలామంది చాలా చెబుతారు. నేను చూసినంతలో, ఊరకే కూర్చున్నవాడికి ఓపిక త్వరగా అయిపోతుంది. కాసేపటికి ఫోను తీస్తాడు, ఇంకాసేపటికి చోటు మారుద్దామంటాడు. ఎరను చూసుకునేవాడికి ఎప్పుడూ ఏదో ఒక చిన్న పని ఉంటుంది: నీళ్లు మార్చాలి, గోనె తడపాలి, కొక్కేనికి ఉన్న పరిగె ఇంకా ఈదుతోందో లేదో చూడాలి. చేతికి పని దొరికితే మనసు ఎదురుచూపును మోయగలదు. ఉద్యోగ పరీక్ష రాసి ఫలితాల కోసం కూర్చున్నవాళ్లకూ, ఆస్పత్రి వరండాలో కూర్చున్నవాళ్లకూ నేను ఇచ్చే సలహా ఇదే. నిరీక్షణ పక్కన నిజమైన చిన్న పని ఒకటి పెట్టుకోండి.

కొక్కెం, పుట్టి, నీరు

ఎరను గుచ్చడానికి సన్నని కొక్కెం కావాలి. లావు కొక్కెం బరువుకే పరిగె అలిసిపోతుంది. పుట్టి కదులుతూ ఉంటే పై పెదవికి గుచ్చండి, నీటికి ఎదురుగా సహజంగా ఈదుతుంది. పుట్టి నిలిపి బెండుతో వేసేట్టయితే వీపు మీది రెక్కకు వెనక, వెన్నెముకకు పైన, చర్మం కిందుగా మాత్రమే గుచ్చండి. వెన్నెముకను తాకిందా, చేప అక్కడే చస్తుంది. విసరడం కాకుండా మెల్లగా నీళ్లలోకి జారవిడవండి. గట్టిగా విసిరితే పొద్దున్నుంచీ కాపాడుకున్నదంతా ఆ ఒక్క విసురుతో పోతుంది.

కొందరు కొర్రమీనుకు కప్పపిల్లను ఎరగా వాడతారు. కొర్రమీను దానికి బాగానే వస్తుంది, ఆ మాట నిజమే. అయినా వద్దనే చెబుతాను. పొలంలో పురుగులను తిని పంటను కాచే ప్రాణి అది. 1980లలో కప్పకాళ్ల ఎగుమతి కోసం వాటిని ఊచకోత కోసి, చివరికి 1987లో దేశం ఆ ఎగుమతినే నిషేధించాల్సి వచ్చింది. పరిగె ఉండగా కప్ప జోలికి పోనక్కర్లేదు.

పుట్టిని పడవలా పక్కనుంచి తోస్తే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. ముందువైపు మోకాళ్ల మీద కూర్చుని, నీటిని మనవైపు లాక్కుంటున్నట్టు తెడ్డు వేయాలి. ఇద్దరుంటే ఎదురెదురుగా కూర్చోండి, ఎవరూ నిలబడకండి. ఒక్క రాయి కట్టి లంగరు వేస్తే పుట్టి దాని చుట్టూ మెల్లగా తిరిగి దారాలు చిక్కుపడతాయి, రెండు వైపులా రెండు రాళ్లు వేయండి. అడుగున గోనెసంచి పరుచుకోండి. వెదురుకు కాలు తగిలిన చప్పుడు నీళ్లలో చాలా దూరం పోతుంది. ఆషాఢంలో మన పీఠభూమి మీద గాలి జోరు ఎక్కువ, ఆ నెలలో పుట్టి జోలికి పోకపోవడమే మంచిది. ఉరుము వినిపిస్తే రాడ్డు పడుకోబెట్టి ఒడ్డుకు రండి. కార్బన్ రాడ్డు విద్యుత్తును పట్టుకుంటుంది. ఈత వచ్చినా రాకున్నా లైఫ్ జాకెట్ తీయకూడదు. డ్యాం గోడ, షట్టర్ల దరిదాపులకు అసలే పోకండి. కామరాజ్ కాలంలో కట్టిన కృష్ణగిరి డ్యాం షట్టరు ఒకటి 2017 నవంబరులో విరిగిపోయి నీళ్లు ఒక్కసారిగా బయటికి దూకాయి. అలాంటి రోజు ముందుగా చెప్పి రాదు.

కొర్రమీను ఎక్కడుందో అదే చెబుతుంది. గాలి పీల్చుకోవడానికి అది అప్పుడప్పుడు పైకి రావాలి. తెల్లవారుజామున జమ్ము అంచున, తామరాకుల మధ్య, లొట్టపీసు పొదల నీడలో గుబుక్కున ఒక చప్పుడు, ఆ వెంట నీటి మీద వలయం. ఆ వలయం మీదికే ఎర వేయకండి, బెదిరిపోతుంది. గాలివాటున కాస్త ఎగువన జారవిడిచి, పరిగెనే అటు పోనివ్వండి.

బెండు మునిగిన క్షణంలో చాలామంది లాగేస్తారు. కొర్రమీను ఎరను మొదట అడ్డంగా పట్టుకుని కొంత దూరం పోతుంది, తర్వాత తల ముందు వచ్చేలా తిప్పుకుని మింగుతుంది. ఆ ఆగి తిప్పుకునే కాస్త సమయమే మీది. మరీ ముందు లాగితే ఎర మాత్రం తిరిగొస్తుంది. మరీ ఆలస్యం చేస్తే కొక్కెం కడుపులోకి పోతుంది, అప్పుడు చిన్న చేపను వదిలేద్దామన్నా అది బతకదు. సర్కిల్ కొక్కెం వాడితే ఈ తికమక తగ్గుతుంది. దారం బిగిసేదాకా ఉండి, కుదుపు లేకుండా రీలు తిప్పుకుంటూ పోతే అది దానంతటదే దవడ మూలకు పట్టుకుంటుంది.

వానలు పడ్డాక ఒక దృశ్యం కనిపిస్తుంది. నీటి పైన ఎర్రటి, నారింజ రంగు చిన్న పిల్లల గుంపు ఒకటి ముద్దగా కదులుతుంటుంది, అడుగున తల్లీతండ్రీ కాపలా కాస్తుంటాయి. ఆ సమయంలో కొర్రమీను ఆకలితో కాకుండా పిల్లల మీది భయంతో దేని మీదికైనా దూకుతుంది. పట్టడం అంత తేలికైన రోజు ఇంకొకటి ఉండదు. ఆ రోజు పట్టకండి. తల్లిదండ్రులు పోయిన గంటలో ఆ గుంపంతా తక్కిన చేపల పాలవుతుంది. తెలంగాణ తన రాష్ట్ర చేపగా ఎంచుకున్న ఈ కొర్రమీను మన చెరువుల్లో రేపటికీ ఉండాలంటే, ఆ గుంపు కనిపించిన మూలను ఆ నెలంతా వదిలేయండి. పక్కవాడు వదలడు కదా అనకండి. వాడికి కూడా చెప్పండి.

పొద్దు వాలాక బకెట్లో మిగిలిన ఎరను ఏం చేయాలి? జాలిపడి ఇంటి దగ్గరి చెరువులో వదిలేస్తారు చాలామంది. ఆ పని చేయకండి. ఏ నీళ్లలో పట్టారో ఆ నీళ్లలోనే వదలండి, వీలుకాకపోతే ఇంటికి తెచ్చి పులుసు పెట్టుకోండి. జిలేబి చేప మన చెరువులన్నిటా ఇలా మనుషుల చేతుల మీదుగానే పాకింది. కేంద్రం 2000లోనే పెంపకాన్ని నిషేధించిన ఆఫ్రికా మార్పు చేప ఇంకా అక్కడక్కడా కనిపిస్తూనే ఉంది, అది ఒక చెరువులో పడితే అక్కడి పరిగెలను, కొర్రమీను పిల్లలను మిగల్చదు. బకెట్లో ఏవి ఉన్నాయో సరిగా చూసుకోండి, పరిగెల మధ్య ఒక్క మార్పు పిల్ల కలిసినా తెలియదు. మిగిలిన నీళ్లను కూడా గట్టు మీద మట్టిలో పారబోయండి, ఇంకో చెరువులోకి వద్దు. బకెట్టు, వల, గోనె ఉతికి ఒక రోజంతా ఎండలో ఆరబెట్టండి. ఒక చెరువు రోగాలు ఇంకో చెరువుకు ఆ తడిలోనే ప్రయాణం చేస్తాయి.